రెండో ఆదివారం చుట్టాలు

మొన్న రావులపాలెంలో కొత్తపేట బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నానో లేదో, ముందు సీటావిడ కాళ్ళ దగ్గర పెట్టుకున్న గంపలోంచి జామపళ్ళ వాసన గుప్పున వచ్చింది. దోరకాయల వాసన కాదు. చిలక కొరికి వదిలేశాక కొమ్మ మీదే ఇంకో పూట ముగ్గిన పళ్ళ వాసన, తీపిలోంచి కాస్త పులుపు తొంగిచూసే వాసన. అది తగిలితే చాలు, నేనెక్కడున్నా, చేతిలో ఏ పనున్నా, ఒక్కసారి తలెత్తి గేటువైపు చూస్తాను. బస్సులో గేటు ఎక్కడుంటుంది? అయినా చూశాను. నా చూపు చూసి కండక్టరు, దిగాల్సిన చోటు దాటిపోయానేమోనని కంగారుపడి, "ఎక్కడికెళ్ళాలండి తమరు?" అన్నాడు. కొత్తపేటేనని చెప్పి టిక్కెట్టు తీసుకున్నాను గానీ, మనసప్పటికే రాజోలు దాటి, సఖినేటిపల్లి రేవుకి వెళ్ళే దారిలో ఒక పాత ఇనప గేటు ముందు దిగిపోయింది.

ఆ గేటు వెనకే నా బాల్యమంతా గడిచింది. రోడ్డుకీ కాలవకీ మధ్య కొబ్బరితోటలో ఉండేది మా ఆడపిల్లల హోము. ఊళ్ళోవాళ్ళు దాన్ని అనాథాశ్రమం అనేవాళ్ళు. మేం మటుకు హోము అనే అనేవాళ్ళం. ఎవరైనా నా ముందు ఆ పొడుగు మాట వాడితే నేను చూసే చూపుకి అవతలి మనిషి మాట మార్చేసేవాడు. నడక వచ్చీరాని వయసులో నన్నెవరో అక్కడికి తెచ్చారట. ఎవరు తెచ్చారో, ఎక్కణ్ణుంచి తెచ్చారో చెప్పగలిగిన పెద్దావిడ నాకు ఊహ తెలిసేలోపే పోయింది. కాబట్టి నా కథ ఆ గేటు దగ్గరే మొదలవుతుంది, దానికి వెనక పేజీలు లేవు. అందుకు నేనేమీ బెంగపడలేదని చిన్నప్పుడు అందరికీ చెప్పేదాన్ని, అడగనివాళ్ళకి కూడా చెప్పేదాన్ని.

ఏడాదంతా మాకు తోటే పంచాంగం. చెట్లెక్కి కొబ్బరికాయల దింపు తీసేవాళ్ళు వచ్చారంటే ఆ పూట చదువు సాగదు. కాయలు దబదబా రాలుతుంటే వరండా స్తంభాలు పట్టుకుని నిలబడి చూసేవాళ్ళం, వాళ్ళు దిగి వెళ్ళిపోయాక మట్టల మీద పడి ఈనెలు చీరి చీపుళ్ళు కట్టేవాళ్ళం, మొలకొచ్చిన కాయ దొరికితే పగలగొట్టి లోపలి కొబ్బరి పువ్వుని వేలెడు వేలెడు పంచుకునేవాళ్ళం. వానలు పడితే కాలవలోకి ఎర్రనీళ్ళు వచ్చేవి, బట్టలు ఆరక గదులన్నీ ముక్కవాసన కొట్టేవి, మా తలలు కూడా అదే వాసన కొట్టేవి. చలికాలం పొయ్యిలో కాల్చిన తేగల్ని పీచు తీసుకుంటూ నమిలేవాళ్ళం. క్రిస్మస్‌కి వెదురు బద్దలతో నక్షత్రం కట్టి, రంగు కాగితాలు అంటించి, కొబ్బరిచెట్టుకి ఎత్తున కట్టేవాళ్ళం. ఆ వారమంతా వంటశాలలో పోకుండలూ అరిసెలూ వండుతుంటే బెల్లం పాకం వాసనకి ప్రార్థనలో కళ్ళు మూసుకోవడం ఎంత కష్టమో దేవుడికే తెలుసు. వేసవిలో పనసకాయ కోసిన రోజు చేతుల జిగురు వదలక కొబ్బరినూనె రాసుకుని, ఆ నూనె చేతులతోనే ఒకరినొకరు తరుముకునేవాళ్ళం.

శనివారం తలకి నూనె రోజు. వరండా మెట్ల మీద పెద్దపిల్ల వెనక, చిన్నపిల్ల ముందు, ఆ చిన్నపిల్ల ముందు ఇంకా చిన్నది, ఇలా వరసగా కూర్చుని అందరం ఒకేసారి ఒకరి తల ఒకరం దువ్వుకునేవాళ్ళం. చివరి పిల్లకి దువ్వడానికి ఎవరూ ఉండరు గనక అది బొమ్మకి దువ్వేది. అయితే ఈ వరసకి మా వార్డెను మార్తమ్మ గారు పెట్టిన రూలొకటి ఉండేది. ఈ వారం ఎవరి తల దువ్వావో వచ్చే వారం వాళ్ళ తల దువ్వకూడదు. చిన్నపిల్లల్ని పెద్దపిల్లలు "నా పిల్ల" అనకూడదు. తెల్లచీర, కళ్ళజోడు, నడుముకి తాళాల గుత్తి, నడిచొస్తుంటే రెండు గదుల అవతలికి వినిపించే చెప్పులు, ఇదీ ఆవిడ రూపం. "ఎవర్నీ సొంతం చేసుకోకండర్రా, తర్వాత ఏడవలేరు" అనేవారు. కొట్టేవారు కాదు, తిట్టేవారు కూడా కాదు, కానీ ఆవిడ ఒళ్ళో కూర్చున్న పిల్లని నేనెప్పుడూ చూడలేదు.

నెలలో రెండో ఆదివారం చుట్టాల రోజు. హోములో ఉన్నవాళ్ళందరూ ఎవరూ లేనివాళ్ళు కాదు. కొందరికి తల్లో తండ్రో ఉండేవారు, కొందరికి తాతయ్యలు, మేనమామలు. ప్రార్థన అయిపోగానే ఒక్కొక్కరే వచ్చేవారు. మస్కట్‌లో ఇంటిపనికి వెళ్ళి సెలవు మీద వచ్చిన తల్లులు సెంటు వాసన సబ్బులూ మెరుపు కాగితాల చాక్లెట్లూ తెచ్చేవారు, తాతగార్లు డబ్బాల్లో జంతికలు తెచ్చేవారు. గేటు దగ్గర మా అబ్బులు తాత ఉండేవాడు. ఖాకీ చొక్కా, గళ్ళ లుంగీ, చెవి మీద ఆరిపోయిన బీడీ. వచ్చింది జిల్లా కలెక్టరైనా సరే, చేతులు కట్టుకుని రెండే ప్రశ్నలడిగేవాడు. "ఎవరి కోసం వచ్చేరండి? తమరేమవుతారండి?" ఏమవుతారో చెప్పాకే గడియ తీసేవాడు, తీశాక లోపలికి తిరిగి వంటశాల దాకా వినిపించేలా, "ఫలానా అమ్మకి చుట్టాలొచ్చేరు!" అని కేక వేసేవాడు. ఆ పేరున్న పిల్ల ఒక జడ వేసుకుని రెండోది వేసుకోకుండానే పరిగెత్తేది.

పిలుపు రానివాళ్ళం పెరట్లో జామచెట్టు దగ్గర చేరేవాళ్ళం. దాని పై కొమ్మ నాది. నాకు చుట్టాలు లేరన్న సంగతిని నేనొక హోదా కింద మార్చేసుకున్నాను. ఎవరి తాతయ్య జంతికలు మెత్తబడి ఉంటాయో, ఎవరి పిన్ని ఊరికే ఏడ్చి వెళ్ళిపోతుందో కొత్తపిల్లలకి కొమ్మ మీంచి వివరించి చెప్పేదాన్ని, సాయంత్రం వచ్చిన తినుబండారాల్లో పన్ను కూడా వసూలు చేసేదాన్ని. అందరూ నన్ను గట్టిపిండం అనుకునేవాళ్ళు. నిజం మాత్రం వేరు. అబ్బులు తాత కేక వేసిన ప్రతిసారీ, అది నా పేరేమోనని నా గుండె ఒక్కసారి ఆగేది. రాదని తెలుసు, అయినా ఆగేది. పద్నాలుగేళ్ళొచ్చినా ఆగుతూనే ఉండేది. ఆ ఏడు గోళ్ళు రక్తం వచ్చేలా కొరుక్కునేదాన్ని, చిన్నమాటకే కస్సుమనేదాన్ని, పుస్తకం తెరిస్తే అక్షరాలు కళ్ళ ముందు నుంచి జారిపోయేవి. నాకేమయిందో నాకే తెలీదు, అడిగేవాళ్ళు లేరు, అడిగినా చెప్పడానికి నా దగ్గర మాటలు లేవు.

ఆ జూన్‌లో, బళ్ళు తెరిచిన వారంలో, దీవెన వచ్చింది. ఒకటో తరగతి పిల్ల. తల్లిదండ్రులు లేరు, వాళ్ళ అమ్మమ్మ నరసాపురం నుంచి రేవు దాటించి ఆటోలో తీసుకొచ్చింది. ఆవిడ అప్పటికే మెట్టు ఎక్కడానికి గోడ పట్టుకునే స్థితిలో ఉంది. తువ్వాల్లో మూటకట్టి తెచ్చిన జామపళ్ళు పిల్ల ఒళ్ళో పోసి, "రెండో ఆదివారం వస్తానమ్మా, గేటు కాడ ఉండు, ఏం?" అని చెప్పి వెళ్ళింది. మోసం చెయ్యాలని కాదు, పాపం నిజంగానే రావాలనుకుంది. కానీ ఆ రెండో ఆదివారం లోపే ఆవిడ కన్నుమూసిందని కబురొచ్చింది. మార్తమ్మ గారు దీవెనని ఎదురుగా కూర్చోబెట్టుకుని, అమ్మమ్మ దేవుడి దగ్గరికి వెళ్ళిపోయిందని మెల్లిగా చెప్పారు. పిల్ల బుద్ధిగా తలాడించి, అంతా విని, "మరి ఆదివారం వత్తాదాండి?" అంది.

ఆదివారం గేటు దగ్గర కూర్చుంది. ఆ తర్వాతి నెల కూడా కూర్చుంది. మామూలు రోజుల్లోనే పెట్టిన అన్నం కెలికి వదిలేసేది, ఆ రోజైతే కోడిగుడ్డు కూర వండినా కంచం వైపు చూసేది కాదు. నెలకోసారి రాజోలు నుంచి వచ్చే డాక్టరు గారు తూకం మిషను మీద నిలబెట్టి పెదవి విరిచారు. అమలాపురంలో ఆయాలున్న చిన్నపిల్లల హోము ఒకటి ఉందట, దసరాకి కూడా పిల్ల ఒళ్ళు చెయ్యకపోతే అక్కడికి పంపక తప్పదని మార్తమ్మ గారు అన్నారు. ఆ మాట నా చెవిన పడింది. మామూలుగా అయితే నాకేం పట్టేది కాదు. కానీ అంతకుముందు శనివారమే వరసలో దీవెన తల నా చేతికొచ్చింది. పాయలు తీస్తుండగానే ఆ పిల్ల నా మోకాలికి ఆనుకుని నిద్రపోయింది. ఒక జడ పూర్తయి, రెండోది సగంలో ఉంది. కాళ్ళు తిమ్మిరెక్కి పోట్లు పొడుస్తున్నా నేను కదల్లేదు. నా మీద ఆనుకుని ఎవరైనా నిద్రపోవడం నా బతుకులో అదే మొదలు, నేను కదిలితే లేస్తుందన్న భయం కూడా అదే మొదలు. రూలు రూలే, కానీ ఆ క్షణానికే ఆలస్యమైపోయింది.

శ్రావణమాసపు ముసురు పట్టిన రెండో ఆదివారం. దీవెన మళ్ళీ గేటు పక్కన అరుగు మీద, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. కంచంలో అన్నం చల్లారిపోయింది. నేను కొమ్మ మీంచి చూస్తున్నాను. జాలి కాదు నాకొచ్చింది, కోపం. ఎవరి మీదో తెలీదు. ఆ ముసలమ్మ మీదా, మార్తమ్మ గారి మీదా, నన్ను కని వదిలేసిన వాళ్ళ మీదా, మొత్తానికి గట్టిగా కోపమొచ్చింది. చెట్టు దిగాను. ముగ్గిన పళ్ళు ఏరి ఓణీ కొంగులో మూట కట్టాను. నా స్నేహితురాలు సుజాత దగ్గర నల్ల గొడుగు లాక్కున్నాను. "ఎక్కడికే?" అంటే "చుట్టపు చూపుకి" అన్నాను. వంటచెరుకు తెచ్చే వెనక తలుపు గడియ తీసి, పర్మిషను లేకుండా ఎన్నడూ దాటని ఆ గడప దాటి, కాలవ గట్టు మీద బురదలో నడిచి, చుట్టూ తిరిగి రోడ్డెక్కి, మా గేటు ముందుకొచ్చి నిలబడ్డాను.

పుట్టి బుద్ధెరిగాక నేను మా గేటుని బయట నుంచి అలా నిలబడి చూడటం అదే మొదటిసారి. అబ్బులు తాత అటునుంచి నన్ను చూశాడు. గొడుగునీ, కొంగు మూటనీ, పాదాల బురదనీ చూశాడు. వెనక్కి తిరిగి అరుగు మీద కూర్చున్న పిల్లని చూశాడు. ఇప్పుడు "అమ్మగారండీ!" అని కేకేస్తాడు, నా పని అయిపోయిందనుకున్నాను. తాత మెల్లిగా లుంగీ దించుకుని, చేతులు కట్టుకున్నాడు.

"ఎవరి కోసం వచ్చేరండి?"

"దీవెన కోసమండి."

"తమరేమవుతారండి?"

దారిపొడుగునా నేను దీని గురించి ఆలోచించనే లేదు. నోటికొచ్చింది చెప్పేశాను. "పిన్నినండి."

"ఆయ్! పిన్నిగారాండీ? వానలో తడిసిపోయేరు, రండి రండి" అని గడియ తీసి, మామూలుగా కంటే రెట్టింపు గొంతుతో లోపలికి కేకవేశాడు. "దీవెనమ్మకి చుట్టాలొచ్చేరు!"

ఆ పిల్ల ఉలిక్కిపడి లేచింది. నన్ను చూసి ఆగింది. అదేం మోసపోయే పిల్ల కాదు. "నువ్వు కరుణక్కవి కదా" అంది. "రోజూ అక్కనే, ఇయ్యాల పిన్నిని" అన్నాను. కాసేపు ఆలోచించింది. ఆ తర్వాత చుట్టాలొచ్చిన పిల్లలు అడిగే ప్రశ్నే అడిగింది. "ఏం తెచ్చేవు?" కొంగు విప్పాను. జామపళ్ళు చూసి, ఒకటి తీసుకుని ముందు వాసన చూసింది, తర్వాత కొరికింది. చుట్టాలు కలిపి తినిపించడం మా హోములో మామూలే కాబట్టి చల్లారిన అన్నంలో కూర కలిపి ముద్ద పెట్టాను. తింది. ఇంకో ముద్ద తింది. గుడ్డులో పసుపు ముద్ద చివరికి దాచుకుంది. పక్కన సొంత పిల్లలకి తినిపించుకుంటున్న తల్లులు మమ్మల్ని చూసి నవ్వారో ఏడ్చారో నాకు తెలీదు, నేను ఆ నోరు తప్ప ఇంకేమీ చూడలేదు. సాయంత్రం గంట కొట్టగానే మిగతా చుట్టాలతో పాటు నేనూ గేటు బయటికి నడిచాను. "మళ్ళీ రెండో ఆదివారం వస్తాను" అన్నాను. కాలవ గట్టు మీంచి తిరిగొచ్చి, వెనక తలుపు లోంచి దూరి, పది నిమిషాల్లో దాని పక్కన కరుణక్కగా కూర్చున్నాను. "పిన్నొచ్చింది తెలుసా" అని అది నాకే చెప్పింది.

తర్వాతి రెండో ఆదివారానికి ఈ సంగతి హోమంతా పాకింది. గేటు ముందు చుట్టాల వరస కట్టింది. గొడుగుల కింద పిన్నులు, మేనత్తలు, పెద్దమ్మలు. సుజాత కొబ్బరి పీచుతో మీసం అతికించుకుని మేనమామగా వచ్చింది, ఎవరి తాలూకు అంటే "అందరికీనండి" అంది. అబ్బులు తాత ఒక్కరినీ వదలకుండా రెండు ప్రశ్నలూ అడిగి, ఒక్కో పేరూ కేకవేస్తూ గొంతు పోగొట్టుకున్నాడు. జామచెట్టు కింద ఆ రోజు ఎవరూ మిగల్లేదు.

అప్పుడు వినిపించాయి చెప్పుల చప్పుళ్ళు. మార్తమ్మ గారు వరండాలోకి వచ్చి నిలబడ్డారు. మేనమామ మీసం ఊడి కింద పడింది. "వెనక తలుపు ఎవరు తీసేరు?" అన్నారు. నేనే ముందుకొచ్చాను.

"ఇదేదో ఆటనుకుంటన్నావా కరుణా? ఇదివరకు ఒక పెద్దపిల్ల ఇలాగే ఒకదాన్ని చేరదీసింది. పదో తరగతి అవ్వగానే తను వెళ్ళిపోయింది, తిరిగి చూడలేదు. ఆ చిన్నది మంచం పట్టింది. రాత్రీ పగలూ దాని పక్కన కూర్చున్నదాన్ని నేను. రేపు నువ్వూ వెళ్ళిపోతావు. అప్పుడు ఇది మళ్ళీ గేటు కాడ కూర్చుంటే ఎవరొచ్చి తినిపిస్తారు?"

ఎవర్నీ ఒళ్ళో కూర్చోబెట్టుకోని మనిషి ఎందుకలా ఉంటారో అప్పుడు తెలిసింది. కానీ దీవెన వెనక నుంచి నా ఓణీ చెంగు పట్టుకుని ఉంది, ఇప్పుడు నేను నోరు మూసుకుంటే అమలాపురం వెళ్ళిపోతుంది. "చుట్టాలన్నాక సాయంత్రానికి వెళ్ళిపోతారు కదండి" అన్నాను. "వెళ్ళిపోవాలని తెలిసి రావడం మానేస్తారాండి? మళ్ళీ వస్తేనే కదండి చుట్టాలు. నేను మళ్ళీ వస్తానండి. ఎక్కడున్నా రెండో ఆదివారం వస్తానండి."

మార్తమ్మ గారు నా చెంగు పట్టుకున్న చిన్న పిడికిలి వైపు చూశారు. "మాటేనా?" అన్నారు. "మాటేనండి" అన్నాను. "సరే. దసరాకి డాక్టరు గారొస్తారు. తూకం ఏం చెబితే అది" అని లోపలికి వెళ్ళిపోయారు. వెళుతూ వెళుతూ కింద పడ్డ మీసం తీసి సుజాత చేతికిచ్చారు.

ఆ తర్వాత దసరా దాకా దీవెనకి తినిపించడమే హోమంతటికీ వ్రతమైంది. జున్ను దొరికితే దానికి, కొబ్బరి పువ్వు దొరికితే దానికి. డాక్టరు గారొచ్చిన రోజు అందరం వరండాలో ఊపిరి బిగపట్టి నిలబడ్డాం. దీవెన మిషనెక్కింది. ముల్లు ఎగిరింది, ఎంత ఎగిరిందంటే డాక్టరు గారే కళ్ళజోడు సర్దుకున్నారు. పిల్లని కిందామీదా చూసి, దాని గౌను జేబులో చెయ్యి పెట్టి, ఒక పచ్చి జామకాయ తీశారు. రెండో జేబులోంచి రెండు. నడుము దగ్గర దోపిన తువ్వాల్లోంచి ఇంకో నాలుగు. మేమందరం ఒక్కసారిగా సుజాత వైపు చూశాం, సుజాత కొబ్బరిచెట్ల వైపు చూసింది. డాక్టరు గారు కాయలన్నీ బల్ల మీద పేర్చి, ఒకటి తను కొరుక్కుంటూ, "ఇప్పుడు ఎక్కమ్మా" అన్నారు. దీవెన ఎక్కింది. ముల్లు ఊగి ఊగి ఆగింది. అప్పుడు కూడా పాత గీత దాటే ఉంది, బాగానే దాటింది. "కాయలు అక్కర్లేదు మార్తమ్మ గారూ, పిల్లే బరువెక్కింది" అన్నారాయన. మేం వేసిన కేకలకి తోటలో చిలకలన్నీ లేచిపోయాయి. అబ్బులు తాత వేళ కాని వేళ భోజనాల గంట కొట్టేశాడు. నేను దీవెనని ఎత్తుకుని వరండా అంతా తిరిగాను, గెలిచాం గెలిచాం అని అరుస్తూనే ఉన్నాను, ఆ అరుపు నా గొంతేనా అని నాకే అనుమానం వచ్చింది.

మార్తమ్మ గారికి రూళ్ళంటే ప్రాణం కదా, మా ఆటకి కూడా రూళ్ళు పెట్టారు. రెండో ఆదివారం భోజనాల వేళకి వెనక తలుపు ఆవిడే తీసేవారు. ఇద్దరిద్దరుగా వెళ్ళాలి, కాలవ అంచున నడవకూడదు, చుట్టాలెవరూ ఉత్తచేతుల్తో రాకూడదు. పువ్వైనా, పండైనా, కొబ్బరి ఈనెల బుట్టైనా ఏదో ఒకటి ఉండాలి. శనివారం తలల వరస మారడం ఎప్పుడు ఆగిపోయిందో ఎవరూ చెప్పలేదు. దీవెన తల ప్రతి వారం నా చేతికే వచ్చేది. నా గోళ్ళు పెరిగాయి. పుస్తకంలో అక్షరాలు కుదురుగా కూర్చున్నాయి. ఆ వయసులో మనల్ని ఎవరైనా ప్రేమిస్తే బాగుండునని ఉంటుంది, అది నిజమే. కానీ నన్ను నిలబెట్టింది మటుకు, నేను రాకపోతే ఒకరు అన్నం తినరన్న సంగతి.

పదో తరగతి పరీక్షల ముందు వచ్చిన రెండో ఆదివారం అది. ఆ వేసవి తర్వాత నేను అమలాపురం కాలేజీ హాస్టలుకి వెళ్ళిపోవాలని అప్పటికే తెలుసు. మధ్యాహ్నం చదువుకుని మూడింటికి పిన్నిగా వెళదామనుకుంటూ గదిలో సోషల్ పుస్తకం మీద తల వాల్చి కూర్చున్నాను. గేటు దగ్గర్నుంచి అబ్బులు తాత కేక వినిపించింది.

"కరుణమ్మకి చుట్టాలొచ్చేరు!"

ఇన్నేళ్ళలో ఆ గొంతులో ఆ పేరు నేను వినలేదు. పుస్తకం కింద పడిపోయింది. ఒక జడే ఉంది, రెండోది విప్పి ఉంది. అలాగే పరిగెత్తాను.

గేటు ఇంకా మూసే ఉంది. అవతల దీవెన నిలబడి ఉంది. గౌను మీద ఎవరిదో నేతచీర చుట్టబెట్టుకుని, ముక్కు మీదికి జారిపోతున్న కళ్ళజోడు పెట్టుకుని, చేతిలో తువ్వాలు మూటతో, నడుము వంచి నిలబడింది. దాని నెత్తి మీద గొడుగు పట్టుకుని పక్కన మార్తమ్మ గారు. ఆవిడ మొహాన కళ్ళజోడు లేదు. నేను వచ్చేదాకా కావాలనే ఆగాడు అబ్బులు తాత. చేతులు కట్టుకుని అప్పుడడిగాడు.

"తమరేమవుతారండి?"

"అమ్మమ్మనండి" అంది దీవెన.

తాత దానికి వంగి దణ్ణం పెట్టాడు. తర్వాత మార్తమ్మ గారి వైపు తిరిగి, "మరి తమరండి?" అన్నాడు. "నేను తోడొచ్చేనంతే. గేటు తియ్యి అబ్బులూ" అన్నారావిడ. తాత గడియ తీశాడు.

నేను అరుగు మీద కూలబడి ఏడ్చాను. గట్టిపిండమంతా కరిగి కారిపోయింది. దానికి తెలిసిన చుట్టాల్లో అమ్మమ్మ కంటే పెద్దది ఇంకోటి లేదు. నాకు అదే ఇచ్చింది. మూట విప్పి ఒక జామపండు నా చేతిలో పెట్టి, "బాగా చదువుకుంటన్నావా అమ్మా? అన్నం తింటన్నావా?" అని గొంతు వణికించి అడిగింది. తింటున్నానని చెప్పాను. సాయంత్రం గంట కొట్టగానే లేచి, నా తల నిమిరి, "మళ్ళీ రెండో ఆదివారం వస్తానే" అని గేటు బయటికి నడిచింది.

ఆ జూన్‌లో నేను నిజంగానే వెళ్ళాను, తర్వాతి రెండో ఆదివారం నిజంగానే వచ్చాను. అమలాపురంలో బస్సెక్కి, రాజోలులో దిగి, జామపళ్ళు కొనుక్కుని, ఈసారి కాలవ గట్టు మీంచి కాదు, రోడ్డు మీంచే వచ్చి గేటు ముందు నిలబడ్డాను. అబ్బులు తాత అడిగాడు. నేను చెప్పాను. దీవెన పదో తరగతి అయ్యేదాకా ఆ గేటు నన్ను ప్రతి నెలా ఆ ప్రశ్న అడిగింది. వరదకి రోడ్డు మునిగిన నెలల్లో మటుకు తప్పింది, తర్వాతి ఆదివారమే వెళ్ళి ఆ బాకీ తీర్చుకున్నాను.

ఇప్పుడు అక్కడ హోము లేదు. పిల్లలు తగ్గి, మిగిలినవాళ్ళని వేరే చోట్లకి మార్చాక మూతపడింది. ఆ చోట రొయ్యల మేత గోడౌను కట్టారు. జామచెట్టు లేదు, వరండా మెట్లు లేవు, ఆ ఇనప గేటు ఏ పాత సామాన్ల కొట్టుకి పోయిందో కనుక్కుందామని తిరిగాను గానీ దొరకలేదు. అబ్బులు తాత పోయి చాలా కాలమైంది. మార్తమ్మ గారు రాజోలులో చెల్లెలి ఇంట్లో ఉంటున్నారు; చూడటానికి వెళితే ఇప్పటికీ ముందు, ఉత్తచేతుల్తో రాలేదు కదా అని నా సంచీ వైపు చూస్తారు.

కొత్తపేటలో మా ఇంటికి చిన్న గేటుంది. పంతులమ్మ జీతంతో కట్టిన ఇల్లు, గోడలకి రంగులు తర్వాత వేయించొచ్చని ముందు గేటు పెట్టించాను. నిన్న రెండో ఆదివారం. పొద్దున్నే గడియ చప్పుడైంది. మా ఆయన లేచి వెళ్ళి, ఇంటి ఆచారం ప్రకారం చేతులు కట్టుకుని నిలబడ్డారు. అమలాపురం ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగి, నర్సు కోటు చేతి మీద వేసుకుని, జామపళ్ళ సంచీతో వచ్చిన అమ్మాయిని "ఎవరి కోసం వచ్చేరండి? తమరేమవుతారండి?" అని అడుగుతున్నారు. పక్కింట్లో కొత్తగా దిగినవాళ్ళు మేడ మీంచి వింత చూస్తున్నారు. పాతికేళ్ళ ఆ మనిషి జవాబు చెప్పేలోపే మా నాలుగేళ్ళ పాప, ఒక జడ వేసుకుని రెండోది నా చేతిలో వదిలేసి, వీధి వీధంతా వినిపించేలా అరుచుకుంటూ పరిగెత్తింది.

"అమ్మా! అమ్మమ్మొచ్చింది!"